ఎన్ని క్వింటాళ్లకు ఎల్లుతది సార్?

తెలంగాణ రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ సంస్థ సంచాలకులకు బహిరంగ లేఖ



నేను సూర్యాపేట జిల్లా చివ్వెంల మండలంలో లెక్కల పంతులుగా పనిచేసి రిటైరైన మనిషిని. రెండు చరరాశులలో రేఖీయ సమీకరణాల జత అనే పాఠం పదో తరగతికి ఏటా చెప్పాను. ఈ లేఖ ఆ పాఠంలో ఉన్న ఒకే ఒక్క లెక్క గురించి. ఒక్క లెక్క కోసం ఇంత పెద్ద ఉత్తరమా అని పక్కన పెట్టకుండా చివరిదాకా చదవమని కోరుతున్నాను.

2014లో కొత్త పాఠ్యపుస్తకాలు వచ్చినప్పుడు పదో తరగతి గణితంలో ఆ లెక్క చూసి సంతోషించిన వాళ్లలో నేనొకణ్ణి. ఒక ప్రచురణకర్త కొత్త పుస్తకం వేయాలనుకుంటాడు. పుస్తకానికి 31.25 రూపాయల చొప్పున ఖర్చు. అది కాక మరో 3,20,000 రూపాయలు పెట్టాలి. టోకున ఒక్కో పుస్తకానికి 43.75 రూపాయలు చేతికొస్తాయి. ఎన్ని పుస్తకాలు అమ్ముడుపోతే పెట్టింది పెట్టినట్టు తిరిగొస్తుంది? ఖర్చుకు ఒక సమీకరణం రాయాలి, రాబడికి ఒకటి రాయాలి. రెండూ సమానం చేస్తే పుస్తకానికి మిగిలే 12.50 రూపాయలతో 3,20,000ను భాగించడమే మిగులుతుంది. జవాబు 25,600. గ్రాఫు మీద గీస్తే రెండు గీతలు అక్కడే ఖండించుకుంటాయి. ఆ బిందువుకు ఎడమ పక్క నష్టం, కుడి పక్క లాభం. దీన్నే బ్రేక్ ఈవెన్ అంటారు. వాణిజ్యశాస్త్రం చదివిన వాళ్లు లాభనష్ట రహిత బిందువు అంటారు.

మంచి లెక్క. నాకు దానితో పేచీ లేదు. పోయిన రోహిణి కార్తెలో జరిగిన ఒక సంగతి నన్ను ఈ ఉత్తరం రాయించింది.

దురాజ్‌పల్లి దగ్గర హైవే పక్కన టీ తాగుతుంటే నా దగ్గర చదువుకున్న పిల్లవాడొకడు బండి ఆపి పలకరించాడు. పిల్లవాడు అంటున్నాను గానీ ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి. హైదరాబాదులో కొన్నేళ్లు పనిచేసి ఇంటికి తిరిగొచ్చాడు. సొంతానికి ఎకరం లోపే ఉంది.

"సార్, ఇంకో మూడెకరాలు కౌలుకు పడదామనుకుంటున్న. పంటకు ఎకరానికి పన్నెండు వేలు అడుగుతుండు. పట్టాల్నా వద్దా?"

"ఎకరానికి ఎన్ని క్వింటాళ్లొస్తే నీ పెట్టుబడి ఎల్లుతదో చూసుకున్నవా?" అని అడిగాను.

"గది ముందల ఎట్ల తెలుస్తది సార్? కాంటా అయినంక తెలుస్తది."

"పదో తరగతిల పుస్తకాలేసేటాయన లెక్క చేసినవు, యాదికున్నదా?"

వాడి ముఖం వెలిగింది. "ఇరవై ఐదు వేల ఆరు వందలు" అన్నాడు తడుముకోకుండా. జవాబు అన్నేళ్ల తర్వాత కూడా నోటికుంది. "గది పరీక్షల లెక్క గద సార్. పొలానికి ఏం పనికొస్తది?"

సంచాలకులవారూ, ఆ మాట నాకు గుచ్చుకుంది. వాడికి ఆ లెక్కలో పూర్తి మార్కులు వేసింది నేనే. వాడు కూర్చున్న బెంచీకి కిటికీలోంచి చూస్తే కనిపించేది వరి మడి. ఆ మడి గురించి ఒక్కసారి కూడా ఆ లెక్క చెప్పలేదు నేను. పుస్తకంలో ఉన్న పుస్తకాల వ్యాపారిని చెప్పి, గంట కొట్టగానే బయటికొచ్చాను.

ఆ రోజు వాడి జేబులో ఉన్న పురుగుమందుల కొట్టు బిల్లు వెనక మేమిద్దరం లెక్క వేశాం. అంకెలు వాడు చెప్పినవి, సవరించి గుండ్రంగా చేసింది నేను. బోరు పొలానికీ, శ్రీరాంసాగర్ రెండో దశ కాలువ కింది పొలానికీ, మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాలువ కింది పొలానికీ ఇవి మారతాయని నాకు తెలుసు. పద్ధతి మాత్రం మారదు.

ఎకరానికి కౌలు 12,000. దుక్కి, దమ్ము కలిపి ట్రాక్టరుకు 6,000. విత్తనం, నారుమడి 2,000. నాటు కూలి 6,000. ఎరువులు 5,000. యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలే అయినా డీఏపీ బస్తా 1,350, పొటాష్ వేరే. పురుగుమందులు 4,000, కలుపు 2,000, వరికోత మిషన్‌కు 3,000. మొత్తం 40,000. ఇవన్నీ గింజ ఎన్ని వచ్చినా పెట్టాల్సిందే. పది క్వింటాళ్లు పండినా, ఇరవై పండినా నాటు కూలి తగ్గదు. ఇక క్వింటాలు లెక్కన పెరిగే ఖర్చు కొంత ఉంది: కల్లంలో ఆరబెట్టడం, తాలు తూర్పార పట్టడం, హమాలీ, బండి కిరాయి. దానికి క్వింటాలుకు 100 వేసుకున్నాం. ధర 2025-26కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర, సాధారణ రకానికి 2,369.

ఖర్చు = 40,000 + 100 × క్వింటాళ్లు. రాబడి = 2,369 × క్వింటాళ్లు. తేడా 2,269. 40,000ను 2,269తో భాగిస్తే 17.63. అంటే ఎకరానికి 17 క్వింటాళ్ల 63 కిలోలు కాంటా మీదికొస్తే అప్పుడు పెట్టుబడి ఎల్లినట్టు.

"మడి మంచిదే సార్, ఇరవై రెండు దాకా వస్తది" అన్నాడు వాడు ధీమాగా. 22 క్వింటాళ్లకు మిగిలేది 9,918. అప్పటికి సరే.

"పెట్టుబడి నీ దగ్గరున్నదా?"

లేదు. ఎకరానికి ముప్పై వేలు బయట తేవాలి. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. ఆరు నెలలకు 3,600. అది స్థిర ఖర్చులో కలిస్తే 43,600 అవుతుంది, గిట్టే బిందువు 19.22కు జరుగుతుంది. వడ్డీ ఒక్కటే క్వింటాలున్నరకు పైగా వడ్లు తిన్నది.

తర్వాత తరుగు. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతానికి మించకూడదన్నది నిబంధన. నిబంధన ప్రకారం ఆరబెట్టి తెచ్చిన వడ్లకు కూడా నలభై కిలోల బస్తాకు ఇన్ని కిలోలని కోత పెట్టడం నేను కళ్లారా చూశాను. ఎక్కడో, ఎవరో ఇక్కడ రాయను. ఈ లేఖ దాని కోసం కాదు. బస్తాకు రెండు కిలోలు తీస్తే క్వింటాలు ధర కాగితం మీద 2,369 ఉన్నా చేతికొచ్చేది 2,250 రూపాయల 55 పైసలే. స్థిర ఖర్చు మారలేదు గానీ రాబడి గీత వాలు తగ్గింది. వడ్డీతో కలిపి వేస్తే గిట్టే బిందువు 20 క్వింటాళ్ల 27 కిలోలకు వెళ్లింది. ఇరవై రెండు పండినా మిగిలేది 3,712. ఆలుమగలు ఇద్దరు నాలుగు నెలలు మడిలో చేసిన పనికి ఎకరానికి అంతే.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. రెండో టీ చెప్పాడు.

నేను పదో తరగతిలో చెప్పి ఉండాల్సిన పాఠం ఇదీ. వడ్డీ అంతరఖండాన్ని పైకి లేపుతుంది, తరుగు వాలును వంచుతుంది. అంతరఖండం, వాలు అనే మాటలకు ఇంతకన్నా గట్టి అర్థం మా ఊరి పిల్లలకు ఇంకెక్కడా దొరకదు.

ప్రచురణకర్తకూ కౌలురైతుకూ ఉన్న తేడా కూడా ఈ బిల్లు కాగితం మీదే తేలింది. 25,600 పుస్తకాలు అమ్మాల్సినవాడు గిరాకీ ఉంటే ముప్పై వేలు అచ్చువేస్తాడు, లేకుంటే ముందే ఆపేస్తాడు. ధర కూడా తనే వేసుకుంటాడు. ఈ గీతలను ప్రచారంలోకి తెచ్చిన వాళ్లలో కొలంబియా విశ్వవిద్యాలయంలో పారిశ్రామిక ఇంజినీరింగ్ బోధించిన వాల్టర్ రౌటెన్‌స్ట్రాచ్ ఒకరు. ఆయన కళ్లముందు ఉన్నది ఫ్యాక్టరీ. ఫ్యాక్టరీలో ఎన్ని సరుకులు చేయాలన్నది యజమాని నిర్ణయం. మడిలో ఎన్ని క్వింటాళ్లన్నది యజమాని నిర్ణయం కాదు, కౌలుదారు నిర్ణయం అసలే కాదు. ఎకరానికి ఒక పైకప్పు ఉంది. మరో రెండు బస్తాల యూరియా చల్లితే మరో రెండు క్వింటాళ్లు రావు, దోమ వస్తుంది. అందుకని రైతు లెక్కలో గిట్టే బిందువును చేరాల్సిన గురిగా చెబితే సరిపోదు. మామూలుగా వచ్చే దిగుబడికి అది ఎంత దూరంలో ఉందో చూడాలి. 22 పండే మడిలో ఆ బిందువు 12 దగ్గరుంటే ఒక తెగులు తట్టుకోవచ్చు. 20 దాటి ఉంటే ఒక్క వడగళ్ల వాన చాలు.

సొంత భూమి ఉన్నవాడికి అదే ఖర్చులో కౌలు తీసేస్తే 28,000. గిట్టే బిందువు 12.34. పక్కపక్క మడులు, ఒకే నీళ్లు, ఒకే విత్తనం. ఒకరికి పన్నెండున్నర క్వింటాళ్ల లోపే ఎల్లిపోతుంది, మరొకరికి పదిహేడు దాటాలి. రైతు భరోసా కింద పంటకు ఎకరానికి ఇచ్చే 6,000 కూడా పడేది పట్టాదారు ఖాతాలో. కౌలుదారు రాసుకునే రెండు సమీకరణాల్లో ఆ అంకె ఎక్కడా కనిపించదు. ఇది నేను ఎవరినీ తప్పుపట్టడానికి చెప్పడం లేదు. బోర్డు మీద రెండు గీతలు గీస్తే పిల్లలకు ఇది దానంతటదే కనపడుతుంది.

మద్దతు ధర సంగతి కూడా పాఠంలోకి రావచ్చు. వ్యవసాయ ఖర్చులు, ధరల కమిషన్ 1965 నుంచి ఈ ధరలను సిఫారసు చేస్తోంది, మొదట్లో దాని పేరు వ్యవసాయ ధరల కమిషన్. 2025-26 వరికి అది లెక్కగట్టిన ఖర్చు క్వింటాలుకు 1,579. దానికి ఒకటిన్నర రెట్లు వేస్తే 2,369 వచ్చింది. చేతినుంచి పెట్టిన ఖర్చు, ఇంటివాళ్ల కష్టం విలువ అందులో ఉన్నాయి. కౌలుకు తీసుకున్న భూమికి కట్టిన కౌలూ ఉంది. అయితే అది సగటు. సొంత భూమి వాళ్లందరితో కలిపి సగటు తీస్తే కౌలు పలుచనైపోతుంది. క్వింటాలుకు 1,579 ఖర్చు అంటే మావాడి 40,000కు, పైన వంద రూపాయలకు సరిపోవాలంటే ఎన్ని క్వింటాళ్లు పండాలి? 40,000ను 1,479తో భాగించండి, 27 వస్తుంది. ఆ మడి ఇరవై రెండు దాటదు. సగటు అంటే ఏమిటో, ఒక్కడి లెక్క అంటే ఏమిటో తొమ్మిదో తరగతి పిల్లవాడికి కూడా ఈ ఒక్క భాగహారంతో చెప్పొచ్చు.

నేను బాగా ఇష్టపడే లెక్క మరొకటుంది. కౌలుకు పట్టడం ఒక తీరు, పాలుకు చేయడం ఇంకో తీరు. పాలు ఒప్పందాలు ఊరుకో రకంగా ఉంటాయి. ఖర్చంతా చేసేవాడిదే, పండినదాంట్లో మూడో వంతు భూమి గలాయనది అనుకుందాం. అప్పుడు 12,000 కౌలు స్థిర ఖర్చులోంచి మాయమవుతుంది, 28,000 మిగులుతుంది. దాని బదులు రాబడి వాలు పడిపోతుంది. 2,369లో మూడింట రెండు వంతులు 1,579 రూపాయలు. మూడో వంతు పంట ఇచ్చేసినవాడికి మిగిలే ధర కమిషన్ లెక్కగట్టిన ఖర్చే అన్నమాట. ఒకటిన్నర రెట్లకు మూడింట రెండు వంతులు తీస్తే అంతే కదా, అని పిల్లలు వాళ్లంతట వాళ్లు కనిపెట్టే క్షణం కోసం ఏ పంతులైనా ఎదురుచూస్తాడు.

పాలు మీద గిట్టే బిందువు 18.93 క్వింటాళ్లు. కౌలు మీద 17.63. కాబట్టి కౌలే మేలు అనిపిస్తుంది. తొందరపడకూడదు. రెండు మిగులు గీతలను ఒకే గ్రాఫు మీద గీయాలి. క్వింటాలుకు 2,269 మిగిలి 40,000 పోయే గీత ఒకటి, 1,479 మిగిలి 28,000 పోయే గీత ఒకటి. రెండూ 15.2 క్వింటాళ్ల దగ్గర ఖండించుకుంటాయి. పంట అంతకన్నా బాగా వస్తే కౌలుదారు బాగుపడతాడు, అంతకన్నా తగ్గితే పాలుదారు తక్కువ మునుగుతాడు. 22 క్వింటాళ్లకు కౌలులో 9,918 మిగిలితే పాలులో 4,500 చిల్లర. 8 క్వింటాళ్లే వస్తే కౌలులో 21,800 పైన నష్టం, పాలులో 16,000 పైన. పంట మొత్తం పోతే 40,000కు 28,000. నీళ్లు గ్యారంటీగా ఉన్న మడి అయితే కౌలు, కాలువ చివరి భూమి అయితే పాలు అని మా తాతల కాలం నుంచి పెద్దవాళ్లు ఎందుకు చెప్పేవారో ఈ ఖండన బిందువే చెబుతుంది. వాళ్లు గ్రాఫు గీయలేదు గానీ ఆ బిందువు వాళ్లకు తెలుసు.

టమాటా సంగతి కూడా ఒకటి చెప్పాలి. ధర పడిపోయినప్పుడు రైతులు టమాటాలను రోడ్డు మీద పారబోస్తారు, చేనులోనే వదిలేస్తారు. ఇంత కష్టపడి పండించి ఎందుకు వదిలేస్తారు సార్ అని పిల్లలు అడుగుతారు. విత్తనం, ఎరువు, దుక్కి ఖర్చు అప్పటికే పోయింది, తెంపినా రాదు, తెంపకపోయినా రాదు. ఇక చూడాల్సింది పెట్టెకు వచ్చే ధర, పెట్టె తెంపి మార్కెట్‌కు చేర్చే ఖర్చు, ఈ రెండే. ధర ఆ ఖర్చు కన్నా ఒక్క రూపాయి ఎక్కువున్నా తెంపితేనే నష్టం తగ్గుతుంది. సమానమైతే రెండు గీతలు సమాంతరం, ఎంత దూరం పొడిగించినా కలవవు. మనం దాన్ని అసంగత సమీకరణాల జత అని చెప్పి నిర్వచనం బట్టీ పట్టిస్తాం. ధర ఇంకా తగ్గితే మా వాళ్లు "కోత కూలి కూడా రాదు" అంటారు. రెండింటిలోనూ పెట్టుబడి ఎల్లదు.

వ్యాపారం లెక్క కావాలంటే పెద్దగట్టు జాతర ఉంది. మా మండలం దురాజ్‌పల్లిలో రెండేళ్లకోసారి లింగమంతుల స్వామి జాతర అవుతుంది. గట్టు కింద కొబ్బరికాయల కొట్టు పెట్టేవాడికి జాగాకు, పందిరికి, కరెంటుకు కలిపి 6,000 అయ్యిందనుకోండి. కాయ 25కు తెచ్చి 35కు అమ్మితే 600 కాయలకు ఎల్లుతుంది. మిగిలిన కాయలు ఇంటికి తెచ్చుకుని సూర్యాపేట అంగట్లో అమ్ముకోవచ్చు. బొమ్మలు, బూరలు అమ్మేవాడికి ఆ వీలు తక్కువ. ఇది ఏడో తరగతి పిల్లలకు కూడా ఎక్కుతుంది.

ఉదాహరణలు మార్చడం కొత్త పని కాదు. మహావీరాచార్యుడు తొమ్మిదో శతాబ్దంలో సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు చేశాడు. చేసేటప్పుడు మూలంలోని ఉదాహరణలకు కట్టుబడి కూర్చోలేదు, ఇక్కడి వాళ్లకు అర్థమయ్యేవి తనవి చేర్చుకున్నాడు. మనకు మొదటి తెలుగు గణిత గ్రంథం అట్లా పుట్టింది. ఆ దారిలో మీరు ఒక్క అడుగు వేయాలని నా విన్నపం.

ప్రచురణకర్త లెక్కను తీసేయమని అనడం లేదు. దాని పక్కన వరి లెక్క ఒకటి పెట్టండి. ఆదిలాబాదులో పత్తి, నిజామాబాదులో పసుపు, ఖమ్మంలో మిర్చి, సిరిసిల్లలో మరమగ్గం పెట్టుకునే వీలు పంతులుకు ఇవ్వండి. అంకెలు అచ్చువేయకపోయినా ఫర్వాలేదు, ఖాళీ గళ్లు ఇవ్వండి. పిల్లలు ఇంట్లో అడిగి నింపుకొస్తారు. కౌలు ఎంత, వడ్డీ ఎంత, తరుగు ఎంత, క్వింటాలుకు హమాలీ ఎంత అని తండ్రినీ తల్లినీ అడిగిన పిల్లవాడు ఆ ఇంటి పరిస్థితిని మొదటిసారి అంకెల్లో చూస్తాడు. ఇంట్లో వాళ్లకు కూడా ఎవరైనా అడిగితే తప్ప అవి ఒక్కచోట కూడవు. నాటు కూలి ఒకచోట, మందుల బాకీ ఒకచోట, వడ్డీ ఇంకొకచోట రాసి ఉంటాయి. రాయని ఇళ్లూ ఉన్నాయి.

ఒక మాట ముందే చెప్పాలి. కొన్ని ఇళ్లలో అప్పుల సంగతి బయటపెట్టడం ఇష్టం ఉండదు. అలాంటి పిల్లల చేత తరగతి ముందు అంకెలు చదివించకూడదు. పేరు లేకుండా ఊరి లెక్క అని ఒక్కటిగా కలిపి చేయించే సూచన ఉపాధ్యాయ కరదీపికలో రాయండి. కౌలు చేసే ఇంటి పిల్లవాడూ, కౌలుకు ఇచ్చే ఇంటి పిల్లవాడూ ఒకే బెంచీ మీద కూర్చుంటారు. ఆ ఇద్దరికీ నొప్పి కలగకుండా చెప్పే నేర్పు పంతులుకు ఉండాలి, శిక్షణలో దాని మీద గంట సేపు మాట్లాడుకోవాలి.

లెక్కను తిరగేయడం కూడా నేర్పించండి. ఎన్ని క్వింటాళ్లు అని కనుక్కోవడం ఒకటి. ఎంత కౌలు దాకా ఒప్పుకోవచ్చు అని కనుక్కోవడం ఇంకొకటి. నమ్మకంగా 20 క్వింటాళ్లే వేసుకుని, ఇంటివాళ్ల కష్టానికి ఎకరానికి 10,000 మిగలాలంటే కౌలు ఎంత ఉండాలి? 2,269ను 20తో గుణిస్తే 45,380. అందులో 28,000 ఖర్చు, 10,000 కష్టం తీసేస్తే 7,380. బేరానికి కూర్చున్నప్పుడు చేతిలో ఉండాల్సిన అంకె ఇది. చరరాశి ఏదో మనమే ఎంచుకోవచ్చునని, తెలియనిది ఎప్పుడూ ఒకటే కానక్కర్లేదని పిల్లలకు ఇక్కడ అర్థమవుతుంది. మేం ఎన్ని అభ్యాసాలు చేయించినా ఈ సంగతి మాత్రం అంత సులువుగా ఎక్కదు.

ఇంకొక కోరిక పేరు గురించి. ఈ బిందువుకు మన భాషలో మాట ఉంది. గిట్టుబాటు. గిట్టుబాటు ధర కావాలని రైతులు అడిగే మాట పేపర్లో రోజూ చదువుతాం. గిట్టదు అనే మాట వినకుండా పెరిగిన పిల్లవాడు మా జిల్లాలో ఉండడు. ఆ మాటను పాఠంలో పెట్టి, ఖర్చు గీతా రాబడి గీతా ఖండించుకునే చోటు గిట్టుబాటు బిందువు అని రాయండి. పక్కన బ్రేక్ ఈవెన్ అని కూడా రాయండి, పై చదువులకు కావాలి. లాభనష్ట రహిత బిందువు అన్న మాటలో తప్పేమీ లేదు. అయితే ఆ మాట విన్న పిల్లవాడు అది తమ ఇంటి సంగతని ఊహించలేడు. గిట్టుబాటు అంటే ఇంటికి పోయి నాన్నను అడుగుతాడు.

సన్నాలకు రాష్ట్రం క్వింటాలుకు ఇచ్చే 500 బోనస్ సంగతి ఆ రోజు టీ కొట్టు దగ్గర మా పిల్లవాడే ఎత్తాడు. ఏ గ్రేడు మద్దతు ధర 2,389కి 500 కలిపి వేస్తే గిట్టే బిందువు 14.34కు దిగుతుందని వాడి చేతే చేయించాను. వాడి కళ్లల్లో మళ్లీ వెలుగొచ్చింది. సన్నరకాల దిగుబడి దొడ్డు వాటితో సమానంగా వస్తుందా, పంటకాలం ఎక్కువైతే చివరి తడికి నీళ్లుంటాయా అని అడిగాను. బోనస్ ధాన్యం డబ్బుతో కలిసి రాదు కాబట్టి వడ్డీ ఎన్ని నెలలు వేయాలో కూడా చూసుకొమ్మన్నాను. బిల్లు కాగితం నిండిపోయింది. టీ కొట్టాయన పాత క్యాలెండర్ చింపి ఇచ్చాడు.

లేచేముందు వాడు అడిగాడు. "సార్, పన్నెండు గాకుండ ఎనిమిది వేలకు ఇస్తే ఎన్ని క్వింటాళ్లకు ఎల్లుతది?"

నేను చెప్పలేదు. పెన్ను ఇచ్చాను. స్థిర ఖర్చు 36,000 అని రాసుకుని, కింద 2,269 వేసి, భాగహారం చేసి, "పదిహేను క్వింటాళ్ల ఎనభై ఏడు కిలోలు. వడ్డీ ఇంకా కలపలే" అన్నాడు. వడ్డీ కూడా కలిపాడు. 17.45 వచ్చింది. రెండు అంకెల కిందా గీత గీసి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని, భూమి గలాయనతో మాట్లాడడానికి అటునుంచి అటే వెళ్లాడు.

కిందటి వారం ఆ క్యాలెండర్ కాగితం అడిగి తీసుకుని నకలు తీయించాను. ఈ లేఖతో పాటు మీకు పంపుతున్నాను. రాత వాడిది, అక్కడక్కడ దిద్దినది నాది. కొత్త పుస్తకం రాసే కమిటీ కూర్చున్నప్పుడు దాన్ని బల్ల మీద పెట్టండి.

నమస్కారాలతో,
చివ్వెంల నుంచి ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు